మా ప్రివెట్ కంచె, ఊరందరి గోరింటాకు

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే అలవాటుంది. నేను "వందమంది వచ్చారు" అంటే మా ఆవిడ వంటింట్లోంచి "పన్నెండు" అంటుంది. వినేవాళ్ళు ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో సర్దుకుంటారు. కాబట్టి కింద రాసిన దాంట్లో కుక్క దూడంత ఉంటే మీరు మేకంత అనుకోండి, మొక్క తాటిచెట్టంత ఉంటే బొప్పాయంత అనుకోండి. చొక్కా వదులుగా కుట్టానే గానీ లోపల మనిషున్నాడు.

డెబ్బైల చివర్లో మేం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కున్నాం. తాను ఊరో మొక్కజొన్న చేనో అప్పటికి నేపర్‌విల్ ఇంకా తేల్చుకోలేదు. మా వీధి చివర తారు ఆగిపోయేది, అక్కణ్ణుంచి ప్రపంచం చివరిదాకా మొక్కజొన్నే. నేను పొద్దున్నే రైలెక్కి షికాగోలో ఆఫీస్‌కి పోయేవాణ్ణి. చలికాలంలో చీకట్లో పోయి చీకట్లో వచ్చేవాణ్ణి. చలంటే మామూలు చలి కాదు. తలుపు తీస్తే మనకన్నా ముందు అది లోపలికొచ్చి సోఫాలో కూర్చునేది. మా ఆవిడకి అప్పటికి డ్రైవింగ్ రాదు. చుట్టుపక్కల తెలుగు మాట లేదు. ఆ మొదటి చలికాలం ఆవిడ రోజంతా మాట్లాడింది రిఫ్రిజిరేటర్‌తోనే. అదొక్కటే కాస్త గొణుగుతూ జవాబిచ్చేదట.

మంచు కరిగాక వెనకింటావిడ దొరికింది. మా పెరడూ వాళ్ళ పెరడూ వీపులానించుకుని ఉండేవి. మధ్యలో గడ్డి తప్ప ఏమీ లేదు. ఆవిడకి అరవై దాటాయి, మోకాళ్ళు బాగా అరిగిపోయాయి. వాళ్ళ గుమ్మం ఇంకో వీధిలో ఉండేది, చుట్టు తిరిగి మా ఇంటికి రావడమంటే ఆవిడకి కాశీయాత్రే. అంచేత పెరట్లోంచే. ఆవిడ అటువైపు మడతకుర్చీ వేసుకునేది, మా ఆవిడ ఇటువైపు. మా ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు గుప్పెడు, ఆవిడకి వచ్చిన తెలుగు సున్నా. ఆ పెట్టుబడితో ఇద్దరూ రోజూ మధ్యాహ్నం దాకా నడిపేవాళ్ళు. ఒక వేసవి గడిచేసరికి ఆవిడ వాళ్ళాయన్ని "సర్లే" అని కసరడం నేర్చుకుంది. తెలుగు సంసారానికి అంతకన్నా ఏం కావాలి.

అంతా బాగానే ఉంది, వాళ్ళ కుక్క తప్ప. ఆకారంలో ఆంబోతు, స్వభావంలో ఇంటల్లుడు. మా ఆవిడ ఇండియా నుంచి చీరకొంగున కట్టి తెచ్చుకున్న విత్తనాలతో దక్షిణం వైపు, అంటే వెనకింటి హద్దు పక్కనే, గోంగూర మడి వేసింది. కుక్కకి ఆ మడి నచ్చింది. రోజూ వచ్చి అందులో పొర్లి, మిగిలింది తొక్కి, ఎర్రకాడొకటి నోట్లో పెట్టుకుని గౌరవంగా వెళ్ళిపోయేది.

వెనకింటాయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినాయన. ఆయనకి సిగ్గేసింది. ఓ శనివారం టేపు పట్టుకుని హద్దంతా కొలిచాడు. మర్నాడు లారీలో చెక్కలు దిగాయి. ఆరడుగుల ఎత్తున, సందు లేకుండా ఫెన్స్ వేసేస్తానన్నాడు. "మీ కూర మీకు, మా కుక్క మాకు," అన్నాడు పెద్దమనిషిలాగ.

ఆ సాయంత్రం మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అంది, "ఏమండీ, ఆ చెక్కలు లేస్తే నేనెవరితో మాట్లాడాలి?"

"నేనున్నాగా."

"మీరా. రైలు దిగొచ్చి సోఫాలో వాలాక మీకూ ఆ చెక్కకీ నాకు తేడా తెలియదు."

అన్యాయమే గానీ అబద్ధం కాదు. పైగా దక్షిణాన ఆరడుగుల గోడ లేస్తే గోంగూర మీద ఎండ పడదు. గోంగూర సంగతి ఆవిడ కోపంగా చెప్పింది. వెనకింటావిడ సంగతి చెప్పేటప్పుడు మాత్రం పప్పుగిన్నెలోకి చూస్తూ చెప్పింది. అందుకే రెండోదే పెద్దదని నాకర్థమైంది.

మర్నాడు వెళ్ళి వెనకింటాయనతో బేరం పెట్టాను. చెక్కలొద్దు, మొక్కల కంచె వేస్తాం, నడుమెత్తు చాలు, ఆడవాళ్ళు దానిమీదుగా మాట్లాడుకుంటారు, కుక్క దూరలేదు. ఆయన లెక్కలాయన కదా, షరతు లేకుండా ఏదీ ఒప్పుకోడు. "మూడు వేసవులిస్తాను. మూడో వేసవి చివర, సెప్టెంబర్లో లేబర్ డే సెలవు నాడు కుక్క గొలుసు తీస్తాను. కంచెలోంచి దూరి మీ వైపు వచ్చిందా, మర్నాడే చెక్కలు లేస్తాయి," అన్నాడు. చెక్కల్ని గరాజ్ పక్కన టార్పాలిన్ కప్పి ఉంచాడు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే సరిగ్గా అవే కనపడేవి.

మరుసటి ఏప్రిల్లో నర్సరీకి వెళ్ళి, ఇక్కడ కంచెలకి వేసే ప్రివెట్ మొక్కలు కొన్నాను. చిన్న చిన్న కోల ఆకులు, ఎదురెదురుగా. నర్సరీవాడు డబ్బు పుచ్చుకుంటూ, "నాటగానే సగానికి కోసెయ్యి," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎత్తు కోసం కొన్న మొక్కని కొన్నరోజే పొట్టి చెయ్యమంటాడేమిటి. ఇంటికి తెచ్చిన బిడ్డకి అన్నం పెడతారా, కాళ్ళు కోస్తారా. కత్తెర తాకనివ్వలేదు. నీళ్ళు పోశాను, ఎరువేశాను, రైలుకి టైమైపోతున్నా ఒకసారి నిమిరి వెళ్ళేవాణ్ణి.

పెరిగాయి. ఎలా పెరిగాయంటే, పైకి మాత్రమే. కింద పుల్ల, నడిమిన పుల్ల, చిట్టచివర నాలుగాకులు. వరసగా నించుంటే పెళ్ళికొచ్చిన బ్రహ్మచారుల్లా ఉండేవి. కుక్క వాటి మధ్యలోంచి పూసల తెర తప్పించుకున్నంత సుకుమారంగా వచ్చేది.

చలికాలం పోయింది. రెండో వసంతం వచ్చింది. వెనకింటాయన హద్దు దగ్గరకొచ్చి, "మంచు పోయింది, మొగ్గలింకా విప్పలేదు. ఇదే అదను. ఇప్పుడు కిందికంటా కొయ్యి. పైన కోస్తేనే కింద గుబురవుతుంది," అన్నాడు. చెక్కలు కొని పెట్టుకున్నవాడు మన మొక్కల్ని నరకమంటే ఎవరైనా ఏమనుకుంటారు. నేను కౌరవసభకొచ్చిన రాయబారిలా నవ్వి లోపలికొచ్చేశాను.

మా ఆవిడ కిటికీలోంచి అంతా చూసింది. "ఆయన చెప్పింది నిజమేమోనండీ. మా పుట్టింట్లో మల్లెపొదకి కూడా ముందు కోత వేస్తేనే పూత."

"ఇంకో రెండడుగులు పెరగనీ, అప్పుడు చూద్దాం."

"ఎందుకు, పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతి తీసుకెళ్తారా దాన్ని?"

ఆ మాట బాగానే గుచ్చుకుంది గానీ నేను లొంగలేదు. ఇలాగే మొండికేసి ఉంటే చెక్కలు లేచిపోయేవే. మమ్మల్ని కాపాడింది ఆషాఢమాసం.

ఆ రోజుల్లో షికాగో చుట్టుపక్కల పచ్చి గోరింటాకు దొరకడమంటే కలలో మాట. ఎవరైనా ఇండియా నుంచొస్తే పొడి తెచ్చేవారు. ఆ డబ్బాని బంగారంలా దాచుకునేవారు. ఓ ఆదివారం పొద్దున్న మా ఆవిడ కాఫీగ్లాసుతో పెరట్లో నిలబడి, మా బ్రహ్మచారుల ఆకొకటి తుంచి, నలిపి, వెలుతుర్లో పెట్టి చూసింది.

"ఏమండీ, ఇది గోరింటాకు కాదూ?"

నాకు గోరింటాకూ కరివేపాకూ పక్కపక్కన పెడితే తేడా తెలియదు. కానీ మొగుణ్ణి కదా, తెలియదని ఎలా అంటాను. "అచ్చం అలాగే ఉంది," అన్నాను.

"వాసన లేదు మరి."

"ఈ దేశంలో దేనికుంది వాసన. కొత్తిమీరకుందా? మల్లెపూవుకుందా?"

"ముళ్ళు కూడా లేవు."

"చిన్నపిల్ల కదా, ఇంకా రాలేదు."

ఆవిడ నేరుగా వెళ్ళి ఫోన్ చేసింది. ఒక్కరికే చేసింది. ఆ ఒక్కరూ ఇద్దరికి చెప్పారు, ఆ ఇద్దరూ నలుగురికి. తర్వాతి శనివారం మా వీధిలో కార్లు మొక్కజొన్న చేను దాకా బారులు తీరాయి. ఇండియానా నుంచొకరు, విస్కాన్సిన్ నుంచొకరు. రాష్ట్రంలో ఉన్న తెలుగు ఆడవాళ్ళంతా పట్టుచీరల మీద స్నీకర్లు తొడుక్కుని, స్టీలు డబ్బాలూ కత్తెరలూ గ్రోసరీ సంచులూ పట్టుకుని మా పెరట్లో దిగారు. (పన్నెండుమంది, అంటోంది మా ఆవిడ.)

"వదినా, ఇంత మహాలక్ష్మిని పెరట్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అక్కయ్యా, కొమ్మలతో కోసుకుంటాను, ఆకులు కార్లో దూసుకుంటాలే. మా ఆయన ఎలాగూ నెమ్మదిగానే నడుపుతాడు."

"మా పక్కింటి గుజరాతీ ఆవిడకి కూడా ఓ రెండు కొమ్మలు. మాటిచ్చేశాను."

నేను గుమ్మంలో నిలబడి, "అయ్యో, కొంచెం పైపైన, కొంచెం పైపైన," అంటూనే ఉన్నాను. పెళ్ళిలో పంతులుగారి మంత్రాలెవరు వింటారు. వాళ్ళు వెళ్ళేసరికి మొక్కలు లేవు. నేలనుంచి జానెడు మోళ్ళు మాత్రం, వరసగా, గుండు చేయించుకున్న యాత్రికుల్లా. మా బ్లెండర్ చింతపండుతో ఆకు రుబ్బీ రుబ్బీ మధ్యలో ఓసారి పొగ వదిలింది. ఉన్నవాళ్ళంతా వేళ్ళకి టోపీలు, అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు పెట్టుకున్నారు. వెనకింటావిడ కూడా కుర్చీలోంచే చేతులు చాచి పెట్టించుకుంది. నవ్వులు, పులిహోర, ఎవరి చేయీ ఖాళీగా లేక ఒకరికొకరు ముద్దలు పెట్టుకోవడం. ఆ పెరట్లో అంత తెలుగు అంతకు ముందెప్పుడూ వినపడలేదు. నేనొక్కణ్ణే మోళ్ళకేసి, ఆపైన టార్పాలిన్ కేసి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు మా ఆవిడ చేతులు కడుక్కుంది. ఎరుపు లేదు. మామిడితొక్క రంగులో పాలిపోయిన ఆకుపచ్చ, అది కూడా సబ్బుతో సగం పోయింది. కాసేపు చేతుల్ని చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

ఇక్కడ తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. గోరింటాకు ఎంత ఎర్రగా పండితే మొగుడంత మంచివాడని మనవాళ్ళ నమ్మకం. పెళ్ళికాని పిల్లలకైతే రాబోయేవాడి సంగతి. పెళ్ళయినవాళ్ళకి ఉన్నవాడి సంగతి.

పది గంటలకి ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ తమ చెయ్యే పండలేదనుకున్నారు. ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోలేదు, సిగ్గు. నాకు చేసింది మగవాళ్ళు.

"గురూ, మీ ఇంట్లో ఆకేం పెట్టారు? పొద్దున్నుంచీ నాకు కాఫీ లేదు. అడిగితే చెయ్యి చూపిస్తోంది."

ఇంకొకాయన గొంతు తగ్గించి, "బావగారూ, మీ ఆవిడకి పండిందా?" అన్నాడు. "లేదు," అన్నాను. ఆయన హమ్మయ్య అని ఫోన్ పెట్టేశాడు. పది నిమిషాల్లో నగరమంతా పాకింది. ఎవరికీ పండలేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్న తెలుగు మొగుళ్ళందరూ ఒక్క ఆదివారంలో పరీక్ష తప్పారు.

"అయితే మీరందరూ ఒకటే అన్నమాట," అంది మా ఆవిడ.

వెనకింటావిడ చేతులు కూడా పండలేదు. మా ఆవిడ నమ్మకం సంగతి వివరించి చెబితే, ఆవిడ వాళ్ళాయన్ని ఎగాదిగా చూసి, "ఇది తెలుసుకోడానికి ఆకు కావాలా. సర్లే," అంది. ఆయనకి మాత్రం వేరే సందేహం వచ్చింది. "ప్రివెట్ ఎప్పుడైనా రంగు దిగుతుందా?" అన్నాడు. అలా మొగుళ్ళ పరువు దక్కింది. మా ఆవిడ పరువు పోయింది. మళ్ళీ అందరికీ ఫోన్ చేసి, అది గోరింట కాదర్రా అని చెప్పుకోవాల్సి వచ్చింది. మూడో ఫోన్ దగ్గర ఆవిడకే నవ్వొచ్చింది. ఏడో ఫోన్‌కల్లా అవతలివాళ్ళ నవ్వు నాకు హాల్లోకి వినిపించింది.

వెనకింటాయన హద్దు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని మోళ్ళ వెంబడి ఆ చివరిదాకా నడిచాడు, ఈ చివరిదాకా నడిచాడు.

"ఎవరు కోశారు?"

"మా ఆడవాళ్ళు."

"నేను ఏప్రిల్లో చెప్పిన పని. ఆలస్యంగా చేశారు, మొరటుగా చేశారు, కానీ చేశారు. ఇంక నీళ్ళు పొయ్యి."

పోశాను. నమ్మకంతో కాదు, శవానికి నీళ్ళు పోసినట్టు. రెండు మూడు వారాలకి మోడు పక్కన ఒక పచ్చటి చుక్క. మర్నాడు ఆ పక్కన ఇంకోటి. ఒక్క పుల్ల ఉన్నచోట నాలుగు, నాలుగు ఉన్నచోట పదహారు. కింద, నేలకానుకుని, ఇన్నాళ్ళూ నేను ప్రాధేయపడినా రానిచోట. ఆగస్టుకల్లా బ్రహ్మచారులందరికీ పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టేశారు. మా ఆవిడ అవతలావిడకి వేలు పెట్టి చూపించి, "చూడు, మా అమ్మలక్కల చెయ్యి," అని తెలుగులోనే గర్వపడింది.

మనిషికి బుద్ధొస్తే అతి చేస్తాడు. అక్టోబర్లో ఆకులింకా పచ్చగా ఉన్నాయి, దీపావళికి జనాన్ని పిలిచాం. కత్తిరిస్తే గుబురవుతుందన్న రహస్యం నాకు తెలిసిపోయింది కదా. కొత్త కత్తెర కొన్నాను. కొలిచి, దారం కట్టి, మొదటి కొమ్మ పట్టుకున్నానో లేదో వెనకింటాయన స్వెటర్ తిరగేసి తొడుక్కుని పరుగున వచ్చాడు.

"ఇప్పుడొద్దు. ఇప్పుడు కోస్తే లేత చిగుళ్ళొస్తాయి. మొదటిసారి మంచు గడ్డకట్టగానే అవన్నీ మాడిపోతాయి. దాన్ని నిద్రపోనీ. మళ్ళీ మంచు పోయాక, మొగ్గ విప్పకముందు."

నాకొక అనుమానం చాన్నాళ్ళుగా ఉంది. అడిగేశాను. "కంచె పాడైతే మీ చెక్కలకే కదా లాభం. మీరెందుకు కాపాడుతున్నారు?"

ఆయన తమ వంటింటి కిటికీకేసి చూసి, గొంతు తగ్గించాడు. "నలభై ఏళ్ళుగా మా ఆవిడకి చెప్పుకోడానికి నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. ఇప్పుడు మీ ఆవిడ వింటోంది. ఆ ఫెన్స్ లేస్తే అదంతా మళ్ళీ నేనే వినాలి. కానీ మాటన్నాక మాటే. కుక్క దూరితే చెక్కలు లేస్తాయి."

ఆ చలికాలం నేను కత్తెర ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మంచు మా కంచెని పూర్తిగా కప్పేసింది. ఇల్లు కూడా కప్పేసింది, పొగగొట్టంలోంచి ఎక్కి ఆఫీస్‌కి పోయేవాణ్ణి. ఏప్రిల్లో గడ్డి కనపడగానే, మొగ్గలింకా గింజల్లా బిగుసుకుని ఉండగానే కోశాను. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, ఎండ అడుగుదాకా దిగేలాగ. ఆయన అటువైపు నిలబడి కంటితో కొలిచాడు, ఆడవాళ్ళు కుర్చీల్లోంచి ఇద్దరికీ సలహాలిచ్చారు.

ఆషాఢంలో మళ్ళీ అందరూ వచ్చారు. గోరింట కాదని తెలిసే వచ్చారు. రాకపోతే తోచలేదట. చేతులకి పొడి డబ్బాల్లోది కలుపుకున్నారు. ఆకు కోసే సరదా మాత్రం మా కంచె మీద తీర్చుకున్నారు, ఈసారి చివర్లు మాత్రమే, మా ఆవిడ పర్యవేక్షణలో. అందరికీ ఎర్రగా పండింది. వెనకింటావిడకి అందరికన్నా ఎర్రగా పండింది. ఆయన వారం రోజులు ఆ చేతుల్ని వచ్చినవాళ్ళకల్లా చూపించాడు.

లేబర్ డే వచ్చింది. కంచె నడుమెత్తుంది. అడుగున చెయ్యి దూర్చితే మోచెయ్యి దాటి పోవడం లేదు. మా ఆవిడ ఆ పొద్దున్న ఏమీ తినలేదు. అటువైపు వెనకింటావిడ కుర్చీలో కాక, ఆ మోకాళ్ళతో నిలబడే ఉంది. ఆయన గొలుసు తీశాడు.

కుక్క అయిదు గజాలు వెనక్కి తగ్గింది. నేలని కాలితో రెండుసార్లు దువ్వింది. ఉరిమినట్టు మొరిగి, ఎగిరి, రొమ్ముతో కంచెని ఢీకొంది. నేల కంపించింది, గోంగూర వొణికింది. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ కంచె దాన్ని పట్టి వెనక్కి విసిరేసింది. చివరికి తల వంచుకుని, రొప్పుతూ, ఓటమి ఒప్పుకుంది.

ఆ చెక్కలతో ఆయన తరవాత బెంచీ చేశాడు, వాళ్ళావిడ కోసం, కంచెకి ఆనించి. ఇటువైపు మాకూ ఒకటి చేసిపెట్టాడు.

ఇప్పుడు నిజం. గోరింటాకు నిజం, మోళ్ళు నిజం, ఫోన్లు నిజం, కాఫీ దొరకనాయన్ని ఇప్పటికీ అడగొచ్చు. నేను పూర్తిగా కల్పించింది ఆ కుక్క యుద్ధం ఒక్కటే. గొలుసు తీసేనాటికి దానికి వయసు మీదపడింది. నెమ్మదిగా నడిచొచ్చింది, కంచె మొదట్లో వాసన చూసింది, నీడ బాగుందనుకుందేమో, అక్కడే పడుకుని నిద్రపోయింది. మేం నలుగురం చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాం. వెనకింటాయన కుక్కని చూశాడు, వాళ్ళావిడని చూశాడు, తర్వాత కంచె మీదుగా మా ఆవిడని చూశాడు.

"ప్రయత్నించింది. కుదర్లేదు," అన్నాడు.

అంచేత అసలు కల్పన ఆయనది. నేను దానికి కాస్త రోషం తగిలించానంతే.